డాసా, సీపీఎమ్మా? అమ్మ ఇన్‌స్టిట్యూట్‌లో మా తికమక

నాకు పదకొండేళ్ళు... నరసరావుపేటలో మా ఇంటి ముందుగదిలో, ఆరు టైపు మిషన్ల మధ్య, రెండు కంప్యూటర్లు దిగిన రోజది. వాటిని చూడ్డానికి మా వీధి వీధంతా గుమ్మంలో నిలబడింది.

మా అమ్మ రూతు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. ఎనభైల చివరికొచ్చేసరికి ఎవరి నోట విన్నా కంప్యూటర్ మాటే... టైపుకొచ్చే పిల్లలు ఒక్కొక్కరే మానేస్తున్నారు. "ఇది మూతబడితే నాకింకేం పనొచ్చు?" అంది ఒకరోజు, నావైపు చూడకుండానే. అప్పుడే తెగించి కంప్యూటర్లు తెప్పించింది. ఒకటి కొత్తది. రెండోది బెజవాడలో ఎవరో ఆఫీసు ఎత్తేస్తూ అమ్మిన పాతది.

కొత్తదానితో ఒక నల్లటి ఫ్లాపీ వచ్చింది. అప్పడంలా పలచగా, చేత్తో పట్టుకుంటే వంగేది. పాతదానితో ఏమీ రాలేదు. ఫ్లాపీ అంటే టైపు రిబ్బన్ లాంటిదేమో, దేనికైనా పడుతుందనుకున్నాం. కొత్తదాంట్లో వేస్తే తెర మీద అక్షరాలొచ్చాయి... పాతదాంట్లో వేస్తే గుర్రుగుర్రుమని ఊరుకుంది.

పక్కింటి కరీముల్లా మామయ్య రేడియోలు బాగుచేసేవాడు. స్క్రూలన్నీ విప్పి, దుమ్ము దులిపి, మళ్ళీ బిగించాడు. "మిషన్‌కేం రోగం లేదక్కా. దీనికింకేందో కావాల. అదేందో నాకు తెలవట్లా" అన్నాడు. వారంలో కొత్త బ్యాచ్ మొదలు. పన్నెండు మంది ఆడపిల్లలు చేరారు. రెండు కంప్యూటర్ల మీదా నేర్పుతానని అమ్మ వాళ్ళకు మాటిచ్చింది.

పాత మిషన్‌ని బొంతలో చుట్టి, అమ్మా, మామయ్యా, నేనూ గుంటూరు బస్సెక్కాం. దారి పొడుగునా అమ్మ దాన్ని ఒళ్ళోనే పెట్టుకుంది, పసిబిడ్డను పెట్టుకున్నట్టు.

గుంటూరులో కంప్యూటర్లు తెలిసినాయన ఒకాయన ఉన్నాడంటే వెతుక్కుంటూ వెళ్ళాం. ఆయన మిషన్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "మీ కొత్తదాంతో వచ్చిన డాస్ దీనికి ఎక్కదమ్మా. సీపీఎం వెయ్యాలి" అన్నాడు.

"అదేంది, పార్టీ పేరు గదా!" అన్నాడు మామయ్య. నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు.

"ఆపరేటింగ్ సిస్టమ్ పేరయ్యా. అది లేందే మిషన్‌కి ఏ మాటా అర్థం కాదు. ఏ రకం మిషన్‌కి ఆ రకం ఉంటది."

"రెండిట్లో ఏది మంచిదండీ?" అని అమ్మ అడిగింది.

"కొత్త ఆఫీసులన్నీ డాసే అడుగుతున్నాయి. ఉద్యోగాలకు అదే మంచిది. కానీ మీ పాత మిషన్‌కి దాంతో పన్లేదు. ఉత్తరాలు టైపు చేసే ప్రోగ్రాం మాత్రం రెండిట్లోనూ ఒకే తీరుగా ఉంటది."

సీపీఎం, ఆ ఉత్తరాల ప్రోగ్రాం ఎక్కించిన ఫ్లాపీ ఒకటి ఇచ్చాడు. అమ్మ అన్నీ కాగితం మీద రాసుకుంది. తిరుగు బస్సులో "అర్థమైందా?" అని నన్ను మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ తలూపాను... ఒక్క ముక్క అర్థం కాలేదు. అమ్మకీ కాలేదని ఆ అడగడంలోనే తెలిసింది.

చివరికి పాతదాని మీద ఉత్తరాలు, కొత్తదాని మీద డాస్ అని పంచింది. క్లాసులు మొదలయ్యాయి. తికమకా మొదలైంది. కాపీ చెయ్యాలంటే కొత్తదాంట్లో ముందు ఎక్కడినుంచో చెప్పాలి, పాతదాంట్లో ముందు ఎక్కడికో చెప్పాలి. "ఈ మిషన్ కాడ కూచుంటే ఆ మిషన్‌ది మరిచిపోతన్నా టీచర్!" అని రహమతున్నీసా అక్క తల పట్టుకునేది. అందరికంటే చురుకైన పిల్ల తనే. ఇక మిగతావాళ్ళ సంగతి చెప్పాలా...

రెండోవారం ఆదివారం మధ్యాహ్నం. అమ్మ ఇంట్లో లేదు. ఈపూరులో ఉన్న అమ్మమ్మకి పాత మిషన్ మీద ఒక ఉత్తరం టైపు చేశాను. అది కొత్తదాని మీద ఎలా కనిపిస్తుందో చూడాలనిపించింది. ఫ్లాపీ తీసి కొత్తదాంట్లో పెట్టాను. చదవలేనని తెర మీద ఇంగ్లీషులో వచ్చింది. చదవకపోతే ఫార్మాట్ చెయ్యాలని అమ్మే మాకు నేర్పింది.

చేశాను. ఎంత ముచ్చటగా చేశానో...

మళ్ళీ పాతదాంట్లో పెడితే గుర్రుగుర్రుమంది. అంతే. ఫార్మాట్ అంటే ఫ్లాపీలో ఉన్నదంతా తుడిచెయ్యడమని అప్పుడు తెలిసింది. ఉత్తరం పోయింది, సీపీఎం పోయింది. మాకున్నది ఆ ఒక్క ఫ్లాపీయే. దాన్ని చేత్తో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. చూడ్డానికి ఇంతకుముందు ఎలా ఉందో అలానే ఉంది!

అమ్మ వచ్చింది. ఏడుస్తూ చెప్పాను. కొడుతుందని కళ్ళు మూసుకున్నాను. కొట్టలేదు. టైపు మిషన్ ముందు కూర్చుని కాగితం ఎక్కించింది. "ఏం నొక్కావో మొత్తం వరసగా చెప్పు" అంది. నేను వెక్కుతూ చెప్తుంటే ఒక్కో వరసా టైపు చేసింది.

మర్నాడు పొద్దున్నే పన్నెండు మంది ముందూ ఆ కాగితం చదివింది. "దీని తప్పేం లేదు. చదవకపోతే ఫార్మాట్ చెయ్యమని చెప్పింది నేనే. అది ఏ మిషన్ ఫ్లాపీయో ముందు చూసుకోవాలని నాకే తెలవదు. నాకు సగమే వచ్చు. ఇష్టమైతే ఉండండి, మిగతా సగం కలిసి నేర్చుకుందాం" అంది.

ఒక్కరూ లేవలేదు. రహమతున్నీసా అక్క నోట్సు తెరిచి, "ఇంకోసారి నిదానంగా చదవండి టీచర్, రాసుకుంటాం" అంది.

ఆ వారమే మళ్ళీ గుంటూరు వెళ్ళి రెండు కాపీలు తెచ్చుకున్నాం. ఆ బ్యాచ్ నడిచింది, ఆ తర్వాత ఇంకో పదేళ్ళు ఇన్‌స్టిట్యూట్ కూడా నడిచింది. పాత మిషన్ మాత్రం రెండేళ్ళకే మూలకు చేరింది. సీపీఎం కావాలని అడిగేవాళ్ళే లేకుండా పోయారు.

ఇప్పుడు నా ఫోన్ కొత్త సిస్టమ్ వేసుకోమంటావా అని అడుగుతుంది. చదవకుండానే సరే అని నొక్కేస్తాను... అదే వేసుకుంటుంది, అదే లేస్తుంది. ఏదీ అర్థం కాకపోయినా పక్కన ఎవరినీ అడగాల్సిన పని లేదు. అందరం ఒక్క తెర మీదకి వంగి, ఒకరినొకరు అడుగుతూ తెల్లమొహాలు వేసిన ఆ రోజులు మాత్రం మళ్ళీ రావు.

మీరు మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు, మీతోపాటు ఏమీ అర్థంకాక పక్కన నిలబడిందెవరు? కాస్త చెప్పండి... వినాలనుంది.