అత్తగారి మూర

మా ఇంటి వీధి అరుగు వెడల్పు రెండు మూరలు. ఎవరి మూరలు అన్న ప్రశ్న మీద రాజమహేంద్రవరం మునిసిపాలిటీ ఆఫీసులో ఒక కాగితం పుట్టింది. అది ఇప్పటికీ మా పెట్టెలో ఉంది. దాన్ని నేను స్వయంగా చదవగలిగేసరికి నాకు యాభై దాటాయి. అప్పటిదాకా అందులో ఏముందో నాకు తెలుసుననే అనుకున్నాను.

అరుగు పడిన ఏడు నాకు ముప్ఫై ఏళ్లుంటాయి. అప్పటికే మా అత్తగారికి మోకాళ్లు పోయాయి. పొద్దున్నే గోడ పట్టుకుని వీధి గుమ్మం దాకా వచ్చి, అరుగు మీద కూర్చుంటే మళ్లీ భోజనానికి లేవడమే. మా వీధి గోదావరి రేవుకు పోయే దారి. స్నానానికి వెళ్లేవాళ్లూ, తడి బట్టలతో తిరిగొచ్చేవాళ్లూ అందరూ ఆవిడ ముందునుంచే పోవాలి. ఎవరి కోడలు పుట్టింటికి వెళ్లింది, ఎవరు మూడు రోజులుగా రేవుకు రావడం లేదు, ఎవరి బిందె మారింది, అన్నీ అక్కడే తేలేవి. ఆవిడ నదిని చూసి మూడేళ్లయింది. అయినా నీళ్లు ఎన్ని మెట్లెక్కాయో మాకు ఆవిడే చెప్పేవారు.

ఆవిడ అరుగు మీద ఉన్నంతసేపూ వంటిల్లు నాది. ఈ మాట కూడా రాయడం న్యాయం.

అది పాత మట్టి అరుగు. శ్రావణంలో ఆరు రోజులు ఎడతెగకుండా కురిసింది. ఏడో రోజు పొద్దున అరుగు వీధిలో ఉంది. గుమ్మం పక్కన ఒక్క మూల మాత్రం జానెడు ఎత్తున నిలిచింది. మా అత్తగారు శుభ్రం మనిషి. వీధిలో మట్టికుప్ప చూస్తూ ఊరుకోలేక, ఇద్దరు కూలివాళ్లను పిలిపించి, నిలిచిన ఆ మూలను కూడా పడగొట్టించి, అంతా ఎత్తిపోయించి, నీళ్లు చల్లించి, నాచేత ముగ్గు వేయించారు.

సాయంత్రం మా వారు బడి నుంచి వచ్చి ముగ్గు చూసి, చెప్పులు విప్పకుండా అక్కడే నిలబడిపోయారు. ఆయన మునిసిపాలిటీ బడిలో ఉపాధ్యాయులు. ఊళ్లో ఏ కొత్త నిబంధన వచ్చినా ముందు ఆయనకు తెలిసేది, ముందు ఆయనే భయపడేవారు.

"ఆ మూల ఏదమ్మా?" అన్నారు.

"ఏ మూల?"

"పొద్దున ఒక మూల నిలిచి ఉంది కదా."

"అసహ్యంగా ఉంటే తీయించాను. ఏం, దాంతో నీకేంటి పని?"

ఆయన నెమ్మదిగా చెప్పారు. వీధుల్లోకి చొచ్చుకొచ్చిన పాత అరుగుల జోలికి ఆఫీసు రాదట. వాటిని మరమ్మతు చేసుకోవచ్చు. కానీ పూర్తిగా పడిపోయిన అరుగు పాత అరుగు కాదు. అక్కడ కట్టేది కొత్త కట్టడం. దానికి అర్జీ పెట్టాలి, కొలతలు రాయాలి, అనుమతి కాగితం రావాలి. ఒక్క మూల మిగిలి ఉన్నా మరమ్మతు అనేవాళ్లం.

అత్తగారు కాసేపు ఆలోచించారు. "అయితే ఆ కూలివాళ్లని పిలిచి మూల మళ్లీ పెట్టించు" అన్నారు.

మర్నాటి నుంచి ఆవిడ పీట వంటింటి గుమ్మంలోకి వచ్చింది. వీధి లేకపోయేసరికి ఆవిడ చూపంతా నా మీద పడింది. పోపులో మెంతులు ఎన్ని పడ్డాయో, పప్పు ఎన్ని పొంగులు పొంగిందో లెక్క చెప్పేవారు. రెండు వారాలు గడిచేసరికి ఆ లెక్క కూడా మానేశారు. అది ఇంకా కష్టంగా ఉంది. కంచం ముందు కూర్చుని సగంలో చెయ్యి కడిగేసుకునేవారు. రేవు నుంచి వచ్చే ఆడవాళ్లు గుమ్మంలోంచి, "మామ్మగారు కులాసాయేనా?" అని అడిగితే, "లోపల ఉన్నాను, ఇంక కులాసా ఏంటి" అనేవారు. వానాకాలం పోయేలోగా అరుగు లేవకపోతే ఆవిడ కూడా లేవరని నాకు అనిపించింది. మా వారికీ అలాగే అనిపించి ఉండాలి. ఒక రాత్రి అర్జీ రాయడానికి కూర్చున్నారు.

కొలతలు కావాలి గనుక సిద్ధాంతిగారిని పిలిచాం. మా వైపు ఇల్లు కట్టినా, అరుగు కట్టినా ఆ ఇంటి యజమాని మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా ఒక మూర. ఆ మూరతో కొలిస్తేనే ఇంటికి కలిసొచ్చే ఆయం కుదురుతుందని లెక్క. ఇంకొకరి మూరతో కట్టుకున్న ఇంట్లో ఉండడం ఇంకొకరి చెప్పులు వేసుకుని నడవడంలాంటిదని సిద్ధాంతిగారు చెప్పారు. ఇల్లు మా అత్తగారికి వాళ్ల నాన్నగారు పసుపుకుంకుమల కింద ఇచ్చినది. మా వారు చెయ్యి చాపబోతే సిద్ధాంతిగారు, "మీరు కాదండి. ఇల్లు ఎవరిదైతే మూర వారిదే" అన్నారు.

అత్తగారు చెయ్యి చాపారు. ఆవిడ పొడగరి. నిలబడగలిగిన రోజుల్లో మా గుమ్మాలకు తల వంచే ఆడమనిషి ఆవిడొక్కరే. ఆ చేతి పొడవుకు సరిగ్గా వెదురుబద్ద ఒకటి కోశారు. బద్ద లెక్కన వెడల్పు రెండు మూరలకు ఆయం కుదిరింది. మా వారు అర్జీలో "రెండు మూరలు" అని రాశారు. ఆయన చిన్నప్పటి నుంచి విన్న మాట అదే గనుక అంతకంటే ఆలోచించలేదు. ఆఫీసు వారు కూడా ఆలోచించకుండానే ముద్ర వేసి పంపారు.

తాపీపనివాడు ఆ బద్ద పెట్టుకుని ఇటుక, సున్నంతో పదకొండు రోజుల్లో అరుగు కట్టాడు. ఆరేదాకా ఆగమంటే ఆగకుండా అత్తగారు చాప వేయించుకుని కూర్చున్నారు. ఆ రోజు కంచంలో మెతుకు మిగల్లేదు. నా వంటిల్లు నాకు వచ్చింది.

అయిదో రోజున మునిసిపాలిటీ ఓవర్సీరుగారు అడుగుల కర్ర పట్టుకుని వచ్చారు. మర్యాదస్తుడు. అత్తగారికి నమస్కారం పెట్టి, ఆవిడను లేవమనకుండానే చుట్టూ తిరిగి కొలుచుకున్నారు. నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను.

"మామ్మగారూ, నాలుగు వేళ్లు ఎక్కువొచ్చిందండి."

"ఎవరి వేళ్లు?"

"మూర అంటే అడుగున్నరండి. రెండు మూరలంటే మూడడుగులు. ఇది దాటిందండి."

"మూర అడుగున్నరని ఎవరు చెప్పారు నాయనా?"

"ఆఫీసులో అంతేనండి."

"ఆఫీసుకి మోచెయ్యి ఎక్కడుంది?"

ఓవర్సీరుగారు తన పుస్తకంలో ఏదో రాయబోయి ఆగారు. "అది రాసుకోడానికి లేదండి" అన్నారు.

"అయితే ఇది రాసుకో" అని ఆవిడ మోచెయ్యి అరుగు అంచున ఆనించి, చెయ్యి గోడవైపు చాచి, వేలి కొస దగ్గర గుర్తు పెట్టుకుని మళ్లీ చాచారు. రెండోసారి వేలికొస గోడకు తగిలింది. "రెండు మూరలు. మీ కాగితంలో ఏముంది?"

"రెండు మూరలేనండి."

"మరి?"

ఆయన పుస్తకం మూసి, నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. మూడో నాటికి నోటీసు వచ్చింది. పదిహేను రోజుల్లో అరుగు తీసేయాలి, లేకపోతే ఆఫీసు వారే తీయిస్తారు. నాలుగు వేళ్లని కాదు, అరుగంతా. అనుమతికి మించి కట్టినది మొత్తం అనుమతి లేనిదేనట.

మా వారికి ఆ రోజు అన్నం సయించలేదు. జీతమిచ్చేదీ ఆ ఆఫీసే, నోటీసిచ్చేదీ ఆ ఆఫీసే. "అమ్మా, ఆ నాలుగు వేళ్లూ చెక్కించేద్దామే" అన్నారు.

"ముందు నీ చేతివి నాలుగు వేళ్లు చెక్కించుకుని రా. తరవాత అరుగు సంగతి చూద్దాం."

"అది కాదమ్మా."

"అదే. చెక్కితే అది నా మూరా కాదు, వాళ్ల మూరా కాదు. ఎవరిదీ కాని అరుగు మీద నేనెలా కూర్చోను?"

సిద్ధాంతిగారిని అడిగితే ఆయన కూడా ఆ మాటే అన్నారు. కాకపోతే శ్లోకంలో అన్నారు. మా వారు నోటీసుకు జవాబు రాయడం మొదలుపెట్టి నాలుగు కాగితాలు చింపారు. అయిదోదాంట్లో, మా తల్లిగారి చెయ్యి వచ్చి చూడవలసిందని ప్రార్థిస్తున్నాననీ, ఆవిడ నడవలేరు గనుక చేతిని ఆఫీసుకు పంపలేకపోతున్నామనీ రాశారు. ఆయన వెటకారానికి రాయలేదు. ఆయనకు వెటకారం రాదు.

పదమూడో రోజున మునిసిపాలిటీ కమిటీ మెంబరుగారు ఒకరు గొడుగు వేసుకుని, ఓవర్సీరుగారిని వెంటబెట్టుకుని వచ్చారు. పెద్దాయన, కోనసీమ నుంచి వచ్చి ఊళ్లో స్థిరపడ్డవారు. అత్తగారు ఆయనను అరుగు మీదే కూర్చోమన్నారు. కూర్చోవాలో లేదో ఆయన కాసేపు తేల్చుకోలేక, గొడుగు మడిచి కూర్చున్నారు. నేను మజ్జిగ పంపించాను.

"ఎవరి చెయ్యండీ ఇది కొలిచింది?" అన్నారు మెంబరుగారు.

అత్తగారు చెయ్యి చూపించారు. ఓవర్సీరుగారు కర్ర పెట్టి కొలిచారు. అడుగున్నర మీద రెండు వేళ్లు. బద్ద తెప్పిస్తే బద్దా అంతే.

"మా ఇల్లు మా తాతగారి మూరండి" అన్నారు మెంబరుగారు ఓవర్సీరుగారితో. "ఆయన పొట్టి. అందుకే మా గదులన్నీ ఇరుకు."

"ఇప్పుడేం రాయమంటారండీ?" అన్నారు ఓవర్సీరుగారు.

"ఆలోచించాలి" అని మెంబరుగారు మజ్జిగ తాగారు. తాగాక మా అనుమతి కాగితం తీసుకుని వెళ్లిపోయారు. మర్నాడు అది తిరిగొచ్చింది, కింద కొత్తగా కొంత రాత, ఒక ముద్ర. ఆ గొలుసుకట్టు రాత మా ఇంట్లో చదవగలిగినవారు మా వారొక్కరే. అరుగు పక్కన నిలబడి, వీధిలో నలుగురు వినేలా గట్టిగా చదివారు: "సదరు అరుగు ఇంటి యజమానురాలి చేతిమూర ప్రకారం రెండు మూరలుగా ఒప్పుకోవడమైనది." చదివి, కాగితం మడిచి, లోపలికి వెళ్లి పెట్టెలో పెట్టి తాళం వేశారు.

"అంతేనా?" అన్నారు అత్తగారు.

"అంతేనమ్మా."

ఆవిడ ఆ అరుగు మీద ఇంకో ఏడేళ్లు కూర్చున్నారు. ఓవర్సీరుగారు ఆ దారిన పోయినప్పుడల్లా ఆవిడ చెయ్యెత్తి పలకరించేవారు. ఆయన ఆ చెయ్యి వైపు చూసి నమస్కారం పెట్టేవారు. అత్తగారు తన చివరి రోజున కూడా పొద్దున అక్కడే ఉన్నారు. నీళ్లు తొమ్మిది మెట్లు దిగాయని చెప్పి లోపలికి వచ్చి పడుకున్నారు.

మా వారు బడి నుంచి విరమించింది ఆ తరవాత చాలా కాలానికి. ఉపాధ్యాయులకు ఉద్యోగం పోతుంది గాని నోరు ఊరుకోదు. తప్పులు దిద్దడానికి ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. పలక తెచ్చి నా ముందు పెట్టారు. ఏడాదికి అక్షరాలు, గుణింతాలు అయ్యాయి. రెండో ఏడాది పంచాంగం చదివాను. మూడో ఏడాదికి ఆయన గొలుసుకట్టు నేర్పడం మొదలుపెట్టారు. దానికి అచ్చు పుస్తకాలు పనికిరావు గనుక, అభ్యాసానికని పెట్టెలో ఉన్న పాత కాగితాలు ఒక్కొక్కటీ తీసుకున్నాను. ఈ కాగితం అలా చేతికొచ్చింది.

పై వాక్యం నాకు కంఠస్థమే కాబట్టి సులువుగా వచ్చింది. దాని కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. వాటికి మూడు రోజులు పట్టింది. అవి ఇవి: "ఈ ఒప్పుదల సదరు యజమానురాలు జీవించియున్నంత వరకు మాత్రమే. తదుపరి యజమాని చేతిమూర ప్రకారం అరుగు సరిచేయవలెను."

మా వారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. కాగితం పట్టుకుని వెళ్లాను.

"ఏవండీ, ఈ కిందది అప్పుడు చదివారా?"

ఆయన కాగితం వైపు చూడలేదు. "చదివాను."

"పైకి చదవలేదే?"

"అప్పుడే చత్వారం మొదలైంది."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నది ఆ తరవాత పదేళ్లకు. ఆ సంగతి నేను ఎత్తలేదు. లోపలికి వెళ్లి వెదురుబద్ద తెచ్చి ఆయన పక్కన పెట్టాను. ఏం చేయాలో చెప్పకుండానే ఆయన చెయ్యి దాని మీద చాపారు. మా వారు తండ్రి పోలిక. ఆయన మూర ఆవిడ మూరకు మూడు వేళ్లు తక్కువ, ఆఫీసు మూరకు ఒక వేలు తక్కువ. అంటే ఆవిడ పోయినప్పటి నుంచి మేము ఆరు వేళ్ల మేర అనుమతి లేని చోట కూర్చుంటున్నాం.

"చెక్కించాలేమో" అన్నారు ఆయన. ఆఫీసు పేరు చెబితే ఇప్పటికీ ఆయన గొంతు తగ్గుతుంది. "నువ్వు చదువుకున్నదానివి. ఏం రాసుందో నువ్వే చెప్పు."

నేను కాగితం మళ్లీ ఒకసారి చూశాను.

"నాకింకా గొలుసుకట్టు సరిగ్గా రాదండి" అన్నాను.

ఆయన తలూపి, కాగితం నా చేతిలోంచి తీసుకుని పాత మడతల మీదే మడిచి ఇచ్చారు. పెట్టెలో పెట్టేశాను. అప్పటి నుంచి ఆయన గోడ వైపు జరిగి కూర్చుంటారు, ఆఫీసు వారు వస్తే తన మూరలోనే ఉండాలని. బయటి అంచు నాకు వదిలేశారు. నీళ్లు ఎన్ని మెట్లెక్కాయో అడగాలంటే ఆ అంచునే కూర్చోవాలి. రేవు నుంచి వచ్చేవాళ్లు అటు పక్కగానే నడుస్తారు.