ఫిర్యాదు పుస్తకంలో గొడుగు

ముందుగా ఇచ్చిన హెచ్చరికను హెచ్చరికే కాదని రాసి, ఒక మనిషి చావును గాలి మీదికి నెట్టేశారు. ఆ ఉదయం గాలి లేదు.

హెచ్చరించినవాడు కొండయ్య. భవానీపూర్ వీధుల్లో ముప్పై ఒక్క ఏళ్లుగా చెట్ల కొమ్మలు నరికే పనివాడు. చనిపోయింది అతని భార్య అప్పాయమ్మ. ఆ వీధులే ఊడ్చేది.

ఆషాఢంలో ఒక సాయంత్రం కృష్ణచూడ, అదే తురాయి చెట్టు మొదట్లో గుత్తిగా లేచిన పుట్టగొడుగులు కొండయ్య కంటబడ్డాయి. మట్టి గీకి చూశాడు. కాడలు నేలలోంచి కాదు, వేరులోంచి వచ్చాయి. ఒకటి తిరగేశాడు. టోపీ కింది సన్నని రేకులు కాడ మీదికి జారి ఉన్నాయి. ఇంటికి తెచ్చి, రాలే పొడి రంగు చూద్దామని నల్లటి కార్బన్ కాగితం మీద బోర్లించాడు.

“ఏటి, పుట్టకొక్కులు తెచ్చినావా? కూరొండీనా?” అంది అప్పాయమ్మ.

“ఇవి మనం తినీవి కావే. కర్రని తినీసినాయి. ఆ సెట్టు డొల్ల. దాని కింద తుడవకు.”

“నీ గొడుగులకి జడిసి నా బీటు ఒగ్గీమంటావేటి? హాజరు మీ తాత ఏస్తాడా?”

తెల్లారి టోపీ ఎత్తితే కాగితం మీద తెల్లని పొడి, గొడుగు ఊచల్లా రాలి ఉంది. వేరును తినే రకమేనని అతనికి ఖాయమైంది. ఆ కాగితంతోనే వార్డు ఆఫీసుకు పరుగెత్తాడు.

అక్కడ మాట్లాడేది బెంగాలీ. అందులో పుట్టగొడుగును ‘బ్యాంగేర్ ఛాతా’ అంటారు, అంటే కప్ప గొడుగు. ఆయాసంలో కొండయ్య కప్పను వదిలేశాడు.

“చెట్టు మొదట్లో ఛాతా, దాదా! చాలా ప్రమాదం!”

“వానాకాలం కదా కాకా, నువ్వే తీసుకో” అని గుమాస్తా అభిజిత్ నవ్వాడు. రాసుకుంటున్నాడు కదా అని కొండయ్యా నవ్వాడు. కార్బన్ కాగితాన్ని ఎవరూ చూడలేదు.

మూడో ఉదయం చెట్టు కూలింది. కొమ్మల కిందినుంచి తీసేసరికి అప్పాయమ్మ చేతిలో చీపురు అలాగే ఉంది.

వార్డు ఫిర్యాదు పుస్తకంలోని నలభై ఏడో పేజీ నకలును కూతురు అశ్విని చదివి వినిపించింది. “చెట్టు కింద గొడుగు పడి ఉన్నట్టు ఫిర్యాదు. వెతకగా దొరకలేదు. ముగించడమైనది.” విచారణ నివేదికలో ఇంకో వాక్యం: “ముందస్తు హెచ్చరిక లేదు. గాలికి కూలినది.”

“కప్ప ఏది నానా?” అని అడిగి, ఆ మాటకు తనే ఏడ్చింది.

ఇప్పుడు వాన వెలిసిన ప్రతి ఉదయం మోడు దగ్గర చీపురు చప్పుడు వినిపిస్తుంది అతనికి. వెళితే ఎవరూ ఉండరు. కొత్త గొడుగులు లేచి ఉంటాయి. వదిలేసిన మాట అడుగున దొరుకుతుందేమో అన్నట్టు ఒక్కొక్కదాన్నీ తిరగేస్తాడు.

వార్డు ఆఫీసు అయ్యలారా, సగం మాటే చెప్పిన తప్పు అతనిదే. వెతకడానికి వెళ్లిన కళ్లు మాత్రం మీవి. గొడుగు దొరకని ఆ చెట్టు మొదట్లో మీ మనిషికి ఏమి కనబడిందో చెప్పించండి. నలభై ఏడో పేజీలో ‘గొడుగు’ కొట్టేసి ‘పుట్టగొడుగులు’ అని రాయండి. ‘హెచ్చరిక లేదు’ అన్న వాక్యం తీసి, అక్కడ కొండయ్య పేరు, అతను మీ గుమ్మం ఎక్కిన తేదీ వేయండి.