మా నాయన చేతుల్లో పెరిగిన మేకు

నా చిన్నప్పుడు అని నేను మొదలుపెట్టగానే మా ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క పని గుర్తుకొస్తుంది. ఒకరు పాలు పొంగుతున్నాయని లేస్తారు, ఇంకొకరు ఫోను మోగుతోందని లేస్తారు. పొయ్యి మీద పాలుండవు, ఫోను మోగదు. తప్పు వాళ్లది కాదు. నేను పిల్లిని చూసొచ్చి పులి అని చెప్పే మనిషిని. నిజంగా పులినే చూసి ఉంటే ఏమని చెప్పేవాడినో నాకే తెలియదు. కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను. ఈ సంగతిలో కొలతలన్నీ నావి, మీకు తోచినంత తగ్గించుకోండి. ఒక్కచోట మాత్రం కొలత కాదు, ఏకంగా జరగనిదే కల్పించి రాశాను. అదెక్కడో చివర్లో నేనే చెప్తాను.

మొన్న నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వస్తుంటే నా బండి పంక్చరైంది. షాపాయన చక్రం కూడా విప్పలేదు. వానపాములాంటి రబ్బరు ముక్కను టైరులోకి పొడిచి, మిగిలిన తోక కత్తిరించి, పొమ్మన్నాడు. నేను చెప్పిన టీ ఇంకా రానేలేదు. అంత తొందరగా పని అయిపోవడం నాకు నచ్చలేదు. పంక్చరంటే ఒక పూట పట్టాలి. మనిషి ఆలోచించుకోవడానికి సమయం ఉండాలి. నాకు ఆ సమయం దొరికిన రోజొకటి ఉంది.

ఐదో తరగతి అయ్యాక నన్ను నంద్యాల హాస్టల్లో వేయాలని మా నాయన నిర్ణయించాడు. మాది నంద్యాల నుంచి వస్తే ఆళ్లగడ్డ దాటాక వచ్చే పల్లె. సీటు దొరకడమే గొప్ప. ఫలానా రోజు పొద్దుగుంకేలోగా పిల్లవాణ్ణి తెచ్చి అప్పజెప్పకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని కబురు పంపారు. నాకు కావలసిందీ అదే, సీటు ఇంకొకరికి పోవడం. ఎందుకంటే ఆ హాస్టలు గురించి మా ఊళ్లో వినని ఘోరం లేదు. కోడికంటే ముందు లేవాలట. అక్కడి పప్పులో కందిబేడ దొరికినవాడికి ఆ పూట మొక్కుతారట. రాత్రి గురక పెడితే పొద్దున గుంజీళ్లట. నేను ఆ రోజుల్లో రైలింజనులా గురక పెట్టేవాణ్ణి.

వెళ్లడానికి మా మామ మోటారు సైకిలు అరువిచ్చాడు. ఇచ్చాడంటే, అత్తను ఏనాడూ పేరు పెట్టి పిలవని మా మామ, ఆ బండిని ముద్దుపేరుతో పిలిచి, దుప్పటితో తుడిచి, కూతుర్ని అత్తారింటికి పంపినట్టు పంపాడు. "దావ చూసి తోలు బావా, ముండ్లుంటాయి" అని పదిసార్లు చెప్పాడు. పది అంటే నా లెక్కలో పది. మా నాయనకు ఎద్దులబండి మీద ఉన్న ధైర్యం మోటారు సైకిలు మీద లేదు. తలకు తువ్వాలు చుట్టుకుంటూ ఆయన మామకు మాటిచ్చాడు, ఇచ్చినట్టే తెచ్చిస్తానని.

వాళ్లు మాట్లాడుకుంటుండగా నేను నా పని చూసుకున్నాను. హాస్టలు కోసం కొన్న కొత్త కంపాసు తీసి, దాని మొనను వెనక టైరు పక్కభాగంలో ఆనించి, ఒక రాయి తీసుకుని కొట్టాను. కింది భాగం బండరాయిలా ఉంది, పక్కన కాస్త మెత్తగా తగిలింది. నాలుగో దెబ్బకు మొన లోపలికి దిగింది. అయిదో దెబ్బకు అక్కడే విరిగింది. మొండి కంపాసును పెట్టెలో దాచేసి ఏమీ ఎరగనట్టు వచ్చి నిలబడ్డాను. టైరు మాత్రం చెక్కుచెదరలేదు. విరిగిన మొనే ఆ రంధ్రానికి బిరడా అయిందని నాకప్పుడు తెలియదు.

రేకుపెట్టెను వెనక కట్టి, నన్ను నడుమ కూర్చోబెట్టుకుని మా నాయన బయలుదేరాడు. ఊరు దాటింది, ఏమీ కాలేదు. ఆళ్లగడ్డ వచ్చింది, ఏమీ కాలేదు. నా ఆశలన్నీ పోయాక, శిల్పాలు చెక్కే పందిళ్ల దగ్గర బండి వెనకభాగం కల్లు తాగినట్టు ఊగడం మొదలుపెట్టింది. నాకు పండగైపోయింది. మా నాయన దిగి టైరును చూశాడు. ముఖం తెల్లబడింది. రాతిదుమ్ము పడి అక్కడ అందరి ముఖాలూ తెల్లగానే ఉంటాయి గానీ, ఆయనది దుమ్ము కాదు.

పందిళ్ల పక్కనే గోనెపట్టాల నీడలో ఒక పంక్చరు షాపు. ఒక తొట్టి, ఒక పంపు, ఒక అవ్వ. మా నాయన అటూ ఇటూ చూశాడు.

"ఎవురూ లేరా అవ్వా?"

"నేను కనపల్లేదా నాయనా నీకు?"

"అది కాదవ్వా, పంక్చరేసేటోళ్లు..."

"నా మొగుడు లారీ ఎక్కి పోయినాడు, సామాన్లు ఈడ్నే ఉండాయి. ఏయమంటే ఏస్తా, లేకుంటే నంద్యాల దంకా నెట్టుకుంటా పో."

మా నాయన బండి స్టాండు వేశాడు. అవ్వ చీర చెంగు నడుముకు దోపి, రెండు ఇనుప పట్టీలతో టైరును చిక్కుడుకాయ ఒలిచినట్టు ఒలిచి, ట్యూబు బయటికి లాగింది. గాలి కొట్టి తొట్టిలో ముంచింది. ఆ తొట్టి ఎంతుందంటే... సరే, తొట్టంతే ఉంది. బుడగలు లేచాయి. అవ్వ చిల్లు మీద వేలు పెట్టి, ట్యూబును టైరుతో సరిచూసి, నా వైపు ఒకసారి చూసింది. మా నాయన నీళ్లు తాగడానికి కుండ దగ్గరికి వెళ్లగానే, నెమ్మదిగా, నాకే వినబడేట్టు అంది.

"రోడ్డు కింద ఉంటాది గదా అబ్బీ. ఇది పక్క నుంచి ఎట్ల పొడిసిందంటావ్?"

నేను పక్కనున్న పందిట్లోకి చూశాను. అక్కడ వరసగా నిలబెట్టిన దేవుళ్లు. చేతులు, కిరీటాలు అయిపోయాయి, కళ్లు మాత్రం ఇంకా చెక్కలేదు. కళ్లు ఆఖర్న తెరుస్తారని మా ఊళ్లో అందరికీ తెలుసు. వీళ్లెవరూ ఏమీ చూసి ఉండరని నాకు ధైర్యం వచ్చింది. కానీ అవ్వ కళ్లను ఎవరో ఎప్పుడో బాగా తెరిచినట్టున్నారు.

ఆమె ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను పూసి, అతుకు వేసి ఆరబెట్టింది. తర్వాత టైరును నా ముందు పెట్టింది.

"నా ఏళ్లు మొద్దుబారినాయి. నీయి సన్నగుండాయి. లోపల చెయ్యి పెట్టి తడిమి చూడు. అతుకు ఎవుడైనా ఏస్తాడు. పొడిసింది లోపల్నే ఉండిపోతే మళ్లీ గాలి పోతాది."

చెయ్యి పెట్టాను. నా మొన నాకే గుచ్చుకుంది. నా బుర్ర చకచకా పనిచేసింది. లేదంటే చాలు. ట్యూబు వేస్తారు, శిరివెళ్ల రాకముందే మళ్లీ గాలి పోతుంది, పొద్దుగుంకుతుంది, సీటు పోతుంది.

"ఏం లేదవ్వా."

"ఇంగోసారి చూడు."

ఇంకోసారి చూశాను. ఈసారి వేలి చివర రక్తం చుక్క వచ్చింది. దాన్ని నిక్కరుకు తుడుచుకున్నాను.

"ఏం లేదవ్వా."

అప్పుడు మా నాయన వచ్చి మట్టిలో గొంతుక్కూర్చున్నాడు. అడగకుండానే అవ్వకు చెప్పుకున్నాడు.

"తప్పు నాదేలేమ్మా. ఆయప్ప చెప్పనే చెప్పినాడు, దావ చూసి తోలు అని. నాకేడొస్తాది బండి తోలేది? యాడనో ముండ్లలో పోనిచ్చినా. బండీ చెడగొడితి, పిల్లోని సదువూ చెడగొడితి. రేప్పొద్దున వీడు, మా నాయనకు ఏమీ చాతకాదు అనుకుంటే, ఆ మాట నిజమే గదా."

ఆయన నవ్వుతూనే అన్నాడు. కానీ తొడుక్కున్న పెళ్లినాటి చొక్కా మోచేతి దాకా మట్టి అయ్యింది, ఆయన దాన్ని దులుపుకోవడం లేదు. మా నాయన తనను తాను తిట్టుకోవడం నేనెప్పుడూ వినలేదు. అంతవరకూ ఆయన నన్నే తిట్టేవాడు. అదే బాగుండేది.

"అబ్బీ, ఇంగోసారి" అంది అవ్వ.

మూడోసారి చెయ్యి పెట్టాను. అవ్వ ఇచ్చిన పటకారుతో ఆ మొనను పట్టుకుని, బలమంతా పెట్టి లాగి, ఆమె చేతిలో పెట్టాను. ఆమె గుప్పిట మూసి మా నాయన వైపు తిరిగింది.

"చూడప్పా! లారీ చక్రం కింద పడి ఎగిరొచ్చిన మేకు. జానెడుంది. ముండ్లూ లేవు, ఏమీ లేవు. ఇది ఎగిరొస్తే ఎంత మొనగాడు తోలినా తప్పదు. నీ తప్పేం లేదు. నీ కొడుకే పట్టినాడు, నాకే దొరకల్లేదు!"

మా నాయన ముఖం వెలిగిపోయింది. ఏదీ చూపించమన్నాడు. "చూసి ఏం జేస్తావ్, పొద్దు పోతాంది, బేగా పో" అని తరిమింది. పొద్దు ఎర్రబడుతుండగా నంద్యాల చేరాం. సీటు దక్కింది. మొండి కంపాసుతో నేను గీసిన వృత్తాలన్నీ అయిదేళ్లపాటు దోసకాయల్లా వచ్చాయి. లెక్కల అయ్యవారు వాటిని క్లాసంతా తిప్పి చూపించేవారు.

మా నాయన ఆ కథను ఉన్నన్నాళ్లూ చెప్పుకున్నాడు. తన కొడుకు పదేళ్లకే పంక్చరమ్మకు దొరకని మేకు పట్టాడని. మేకు పొడవు చూపించడానికి రెండు చేతులూ చాపేవాడు. ఏటేటా ఆ చేతుల మధ్య దూరం పెరిగేది. నేను హాస్టలు వదిలే నాటికి అది కొడవలంత అయింది, నా పెళ్లి నాటికి గునపమంత. నాకీ గుణం యాడనుంచి వచ్చిందో మీకిప్పుడు తెలిసి ఉంటుంది.

ఇక కల్పించింది చెప్పాలి. మూడోసారి నేను ఏమీ లాగలేదు. మా నాయన మాటలు విన్నాక కూడా, ఆమెకే వినబడేట్టు, "ఏం లేదవ్వా" అనే అన్నాను. మా నాయన తల వంచుకుని మట్టినే చూస్తున్నాడు. అవ్వ టైరులో తన చెయ్యి పెట్టింది. పటకారు లేదు, చూడనైనా లేదు, ఒక్క మెలితో ఊడబెరికింది. ఆమె వేళ్లు మొద్దుబారడం అబద్ధం. ఆ మొనను నా కుడి అరచేతిలో పెట్టి, నా వేళ్లను ఒక్కొక్కటిగా మూసి, ఆ తర్వాతే మా నాయన వైపు తిరిగి, నీ కొడుకే పట్టినాడని చెప్పింది.

ఇప్పటికీ ఎవరైనా నన్ను నలుగురిలో మెచ్చుకుంటే, నా కుడి చెయ్యి దానంతటదే మూసుకుంటుంది. లోపల ఏమైనా గుచ్చుకుంటోందా అని ఒకసారి తడిమి చూసుకుంటాను.