బ్యానరు అంగడిలో అత్త రిపోర్టు

మామ ఫోన్ చేసినప్పుడు నేను విరుదునగర్‌లోని స్కాన్ సెంటర్లో ఎవరిదో కడుపు స్కాన్ రిపోర్టు టైపు చేస్తున్నాను. అదే నా ఉద్యోగం.

"పాపా, నువ్విచ్చిన పెన్‌డ్రైవులో ఫోటోలన్నీ పోయె. నేనే ఏందో వొత్తేస్తి," అని నవ్వాడు. "భయపడొద్దు. ఈ బ్యానరు అంగడి తమ్ముడు పోయినవన్నీ మళ్లీ తెప్పిస్తాడంట. ఎప్పటివో పాతవి కూడా వస్తాయంట!"

ఆ చివరి మాటకు టైపు చేస్తున్న వాక్యం సగంలో వదిలేశాను.

మా చెల్లెలు పెద్దమనిషైంది. మావాళ్లలో ఆ సమర్త వేడుకకు మండపం ముందు బ్యానరు కట్టించేది మేనమామ. పిల్లకు నీళ్లు పోసేది ఆయన భార్య, మా అత్త. చెల్లెలి ఫోటోలు పెన్‌డ్రైవులో వేసి మామకిచ్చింది నేనే. ఆ డ్రైవు మా సెంటర్‌ది. స్కాన్ బొమ్మలు, రిపోర్టులు ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి మోసీ మోసీ నిదానమైపోతే, సూపర్‌వైజరు ఫార్మాట్ కొట్టి నన్ను ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పూర్తిగా తుడిచే పద్ధతి ఉంది గానీ దానికి చాలాసేపు పడుతుంది. బయట బెంచీల నిండా జనం. అందుకని కళ్లు మూసి తెరిచేలోగా అయిపోయే రకమే కొట్టారు.

అందులో ఒకప్పుడు మా అత్త రిపోర్టూ ఉండేది.

అత్త రొమ్ములో గడ్డ. మా ఊరు కోవిల్‌పట్టిలో చూపించుకుంటే తెలిసినవాళ్లు ఉంటారని, శ్రీవిల్లిపుత్తూరు గుడికి పోతున్నానని ఇంట్లో చెప్పి నా దగ్గరికొచ్చింది. ముక్క తీసి పరీక్ష చేయాలన్న వాక్యం నేనే టైపు చేశాను. "సమర్త అయినంక మధురై పెద్దాసుపత్రికి పోతా," అంది అత్త. "అంతవరకు మీ మామకి కూడా చెప్పొద్దు పాపా. తెలిస్తే నన్ను పక్కన కూకోబెడతారు. జబ్బుమనిషి చేత నీళ్లు పోయిస్తారా? మీ చెల్లెల్ని సంకలో మోసి పెంచింది నేను."

సెలవడిగి బస్సెక్కాను. సాత్తూరు దాటేవరకూ ఫోన్‌లో దీని గురించే చదివాను. చదివేకొద్దీ భయం పెరిగింది. పెన్‌డ్రైవులో ఉండే ఫ్లాష్ మెమరీలో ఒక్క అక్షరం నిజంగా చెరపాలంటే దాని చుట్టూ ఉన్న గది మొత్తం ఖాళీ చేయాలట. అది ఆలస్యమయ్యే పని. అందుకని పాతదాన్ని అక్కడే వదిలి, దాని చిరునామా మరచిపోయి, కొత్తది వేరే గదిలో రాసుకుంటుంది. మొదటే రహస్య సంకేతాలతో తాళం వేసి రాసి ఉంటే తాళంచెవిని నాశనం చేస్తే చాలట. ఆ క్షణమే అన్నీ చదవరానివైపోతాయి, ఎవరి పనీ ఆగదు. మా సెంటర్లో తాళం ఎవరూ వేయలేదు.

అంగడిలో మామ టీ తాగుతున్నాడు. తెర మీద ఫోటోలు ఒక్కొక్కటే తేలుతున్నాయి. చెల్లెలి పుట్టినరోజు, బడి ఆటలు, వాటి మధ్య బూడిదరంగు బొమ్మలు.

"ఇదేందక్కా, వాన మబ్బుల మాదిరి?" అన్నాడు అంగడి అతను.

మామ వంగి చూశాడు. "మా పాప మబ్బుల్ని కూడా ఫోటో తీయకుండా వదల్లేదురా!"

ఆ వరుస కింద ఒక ఫైలు. దానికి ఇంగ్లీషులో అత్త పేరు. మామకు ఇంగ్లీషు రాదు. అంగడి అతనికి వచ్చు.

కొత్తవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. అప్పుడు మాత్రం, "అవి ఆఫీసువి, ఎవరూ చూడకూడదు," అని అరిచినట్టే చెప్పి డ్రైవు లాగేశాను.

"సగమే వచ్చినాయక్కా! సరి, ఆ సగం నా కంప్యూటర్లో ఉండాది."

"ఫోటోలు ఉంచుకుని మిగతావి తీసేయండి."

మీట నొక్కాడు. "పోయె. చాలునా?"

"అట్ల పోవు. ఖాళీ చోటంతా తుడవాల."

"మూడు నాళ్లు ముహూర్తాలక్కా. అది పెడితే ఇది నత్త మాదిరి నడుస్తాది. నేను బ్యానర్లు ఎట్ల కొట్టేది?"

"మబ్బులకా ఇంత గొడవ?" అన్నాడు మామ. అంగడి అతను మామను చూశాడు, నన్ను చూశాడు. చదివాడో లేదో ఆ ముఖంలో తెలియలేదు.

నేరుగా అత్త దగ్గరికి పోయాను. వేడుకకు మోసుకుపోయే ఇత్తడి పళ్లేలు తోముతోంది. అంతా చెప్పాను.

"మీ మామ చూసినాడా?"

"మబ్బులనుకున్నాడు."

అత్త పకపకా నవ్వింది. చింతపండు పట్టుకున్న చెయ్యి మాత్రం ఆగిపోయింది. "నీళ్లు పోసేది నేనే. పోసినంక ఎవరైనా చదవనీ."

రోజూ రాసే డైరీలో ఆ రోజు ఈ సంగతి రాయలేదు. ఎక్కడ రాసినా ఎవరో ఒకరు చదువుతారనిపించింది.

వేడుక రోజు ఆడవాళ్లందరూ చెల్లెలి చుట్టూ చేరారు. వాళ్లలో అంగడి అతని తల్లి కూడా ఉంది. నేను చెల్లెల్ని చూడలేదు, కొడుకు చదివి చెప్పి ఉంటాడేమోనని ఆ తల్లి పెదవుల్నే చూస్తూ నిలబడ్డాను. అత్త మొదటి చెంబు పోసింది. రెండోది ఎత్తగానే అంగడి అతని తల్లి లేచి, జనాన్ని తోసుకుంటూ అత్త దగ్గరికి పోయి చెవిలో ఏదో చెప్పింది. అత్త చెంబు దించలేదు. పోయవలసినవన్నీ పోసింది.

తరువాత తడిచేత్తో వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆమె ఏమనింది అత్తా?"

"కొంగు తడుస్తాది, చెక్కుకో అనింది." అత్త నా మణికట్టు పట్టుకుంది. "మధురైకి నాతో వస్తావా పాపా? నాకు ఇప్పుడు భయమేస్తా ఉండాది."