మూడో ‘డు’

నా జిరాక్స్ కొట్టుకూ పక్కనున్న రబ్బరు స్టాంపుల కొట్టుకూ మధ్య ఒక్క చెక్క గోడే అడ్డం. అవతల గుసగుసలాడినా ఇవతల వినిపిస్తుంది. కాబట్టి ఇందులో నేను విన్నది సగం, కళ్ళారా చూసింది సగం. కల్పించి చెప్పే ఓపిక నాకు లేదు.

ఆ కొట్టు లైసెన్సు ఇప్పుడు అద్దం పేరు మీద ఉంది. అద్దం అంటే మనిషే. పదిహేడేళ్ళ వయసులో పనికి చేరిన రోజే తిరగేసిన అక్షరాలను తడుముకోకుండా చదివేసిందని అప్పటి కొట్టు యజమాని మాస్టారు పెట్టిన పేరు. స్టాంపు మీద అక్షరం తిరగబడి ఉంటేనే కాగితం మీద తిన్నగా పడుతుంది. ఆ కిటుకు ఒంటబట్టడానికి కొత్తవాళ్ళకు నెలలు పడుతుంది, ఆమెకు ఒక పూట పట్టింది. అప్పట్లో ఆమెను అందరూ అబ్బాయి అనుకునేవారు. ఆమె మాత్రం ఎన్నడూ అనుకోలేదు. ఇరవై ఆరో ఏట ఆ సంగతి ముందు ఇంట్లో చెప్పింది, తర్వాత కొట్లో చెప్పింది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, అద్దం అనే పేరు ఎవరికైనా సరిపోతుందనీ, మళ్ళీ కొత్తది వెతికే పని తప్పిందనీ అన్నాడు. ఆయన మీద నాకు గౌరవం ఆ రోజు నుంచే.

ఈ మధ్య మాస్టారి చేతులు వణకడం మొదలైంది. బ్లేడు పట్టే పనిలో వణుకు కుదరదు. కొట్టు ఆమెకే అప్పగిస్తానన్నాడు. అప్పటికింకా ఆయన పేరు మీదే ఉన్న లైసెన్సు గడువు ఆ నెలాఖరుతో తీరిపోతుంది. ఈలోగా ఆమె పేరుకు మారకపోతే లైసెన్సు రద్దవుతుంది, గది ఇంకెవరికో పోతుంది. పేరు మారాలంటే జనన ధ్రువపత్రం పెట్టాలి. అందులో లింగం దగ్గర ‘పురుషుడు’ అనీ, కింద ఫలానా వారి ‘కుమారుడు’ అనీ ఉంది. మిగతా కాగితాలన్నీ ఆమె ఏడేళ్ళుగా కాళ్ళరిగేలా తిరిగి ఒక్కొక్కటే మార్పించుకుంది. దీనికోసం కోర్టు ఉత్తర్వు కూడా తెచ్చుకుంది. దానికి కాపీలు తీసింది నేనే, చదవకుండా ఎలా ఉంటాను? మార్చి తీరాలని అందులో స్పష్టంగా ఉంది.

"రెండు డులు తీసెయ్యాలక్కా, అంతే పని" అంది నాతో. పురుషుడులో ఒకటి, కుమారుడులో ఒకటి. రోజంతా అక్షరాలతో కుస్తీ పట్టే మనిషి అలాగే మాట్లాడుతుంది మరి.

నమోదు ఆఫీసుకు మొదటిసారి వెళితే ఫారాలు అయిపోయాయన్నారు. రెండోసారి ఫారాలున్నాయి, గుమాస్తా సెలవు. మూడోసారి గుమాస్తా కూడా ఉంది. ఆవిడ ఫైలు చూసి, ఆమెను పైనుంచి కిందికి చూసి, ఎవరి పని మీద వచ్చారని అడిగింది. నా పని మీదే, ఫైల్లో ఉన్నది నేనే అని అద్దం జవాబిచ్చింది, వెనక వరుసలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా. గొంతు తగ్గించుకోవడం ఆమె ఏనాడో మానేసింది. ఫైలంతా సరిగ్గానే ఉందనీ, పుట్టినప్పుడు వివరాలు ఇచ్చినవాళ్ళు వచ్చి ఫారం వెనక సంతకం పెడితే చాలనీ గుమాస్తా చెప్పింది. వివరాలు ఇచ్చింది అద్దం వాళ్ళమ్మ. ఏ వాక్యం కింద సంతకం పెట్టాలో దాన్ని ఆఫీసువాళ్ళే స్టాంపుతో కొట్టి ఇచ్చారు. "శిశువు పుట్టినప్పుడు తప్పుడు సమాచారం ఇచ్చానని ఒప్పుకుంటున్నాను."

అమ్మది కుట్టుపని. కూతురిని కూతురని ఒప్పుకోవడానికి ఆవిడకు మూడేళ్ళు పట్టింది. ఒప్పుకున్నాక మాత్రం చుట్టాల నోళ్ళన్నీ తనే మూయించింది. పిలుపు మాత్రం మారలేదు, ఇప్పటికీ ఏరా అనే. ఎవరైనా ఏమన్నా అంటే, ఆడపిల్లను ‘రా’ అనకూడదని ఎక్కడుందని కసురుతుంది, తననూ వాళ్ళమ్మ అలాగే పిలిచేదట. అలాంటి మనిషి నా కొట్లో స్టూలు మీద కూర్చుని, ఆ వాక్యాన్ని వేలు పెట్టి చదువుకుని, కలానికి మూత పెట్టేసింది.

"తప్పుడు సాక్ష్యం అంటారు. తప్పుడు మనిషి అంటారు. నేను అలాంటిదాన్నా? నర్సు చెప్పిందే నేను చెప్పానురా. పొరపాటు పడ్డానంటే ఒప్పుకుంటాను. అబద్ధమాడానంటే మాత్రం ఒప్పుకోను."

నాకు చిర్రెత్తుకొచ్చింది. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులే ఉందనగా ఒక్క మాట పట్టుకుని వేలాడతారా అనబోయాను. అద్దం కళ్ళతోనే నన్ను ఆపింది. అమ్మను ఒక్క మాట కూడా అనలేదు. తియ్యాల్సిన డులు రెండు కాదు, మూడన్నమాట అని, ఆ ఫారం తీసుకుని వెలుతురులో పట్టుకుంది. చాలాసేపు చూశాక, ఈ అక్షరాలు కోసిన తీరు తనకు తెలుసనీ, ఈ స్టాంపు తమ కొట్లో చేసిందేననీ చెప్పింది.

స్టాంపుల కొట్లో ఒక పద్ధతుంది. చేసిన ప్రతి స్టాంపునూ ఒక లావుపాటి పుస్తకంలో కొట్టి, ఆ ముద్ర పక్కనే ఆర్డరు చీటీ అంటిస్తారు. రేపు ఎవరైనా పేచీ పెడితే చూపించడానికి. మర్నాడు కొట్టు తెరుస్తూనే ఆమె అటక మీది పాత పుస్తకాలన్నీ దింపింది. ఆ దుమ్ముకు ఇవతల నేను తుమ్మి తుమ్మి చచ్చాను. మధ్యాహ్నానికి దొరికింది. చీటీలో ఆఫీసువాళ్ళు రాసింది ‘పుట్టినప్పుడు తప్పు సమాచారం’. ముద్రలో ఉన్నది ‘పుట్టినప్పుడు తప్పుడు సమాచారం’. మొదటి మాట చివరి ‘ప్పుడు’ కంట్లో ఉండిపోయి, రెండో మాటకు కూడా చెయ్యి దాన్నే చెక్కేసింది. అక్షరాలు చెక్కేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు. ముద్ర కింద, చేసినవాళ్ళ గుర్తుగా, చిన్న గుండ్రటి అద్దం బొమ్మ ఉంది.

పద్దెనిమిదో ఏట తను చెక్కిన డు ఇన్నేళ్ళకు వచ్చి తనకే అడ్డం పడింది. ఆమె తల పట్టుకోలేదు. పకపకా నవ్వింది. మాస్టారికి మాత్రం నవ్వు రాలేదు, ఆనాడు ముద్ర సరిచూసింది ఆయనే కదా. కొత్తది చేసిద్దామన్నాడు. కొత్తదానికి పై ఆఫీసు నుంచి ఆర్డరు రావాలి, అది వచ్చేసరికి మూడు నెలలు పడుతుంది. ఆమె పుస్తకాన్ని సంచిలో పెట్టుకుంది, బ్లేడు తీసుకుంది, అమ్మను బయల్దేరదీసింది. నేనూ కొట్టుకు తాళం వేసి వెంట నడిచాను.

గుమాస్తా వినగానే కుదరదంది. ఇన్నేళ్ళలో వందలమంది దాని కింద సంతకాలు పెట్టారనీ, ఆఫీసు స్టాంపు మీద బయటివాళ్ళు చెయ్యి వెయ్యకూడదనీ అంది. అద్దం కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆఫీసరు వచ్చేదాకా కదిలేది లేదంది. ఆయన మూడింటికి వచ్చాడు. పుస్తకం ఆయన ముందు తెరిచి పెట్టింది.

"మీవాళ్ళు చీటీలో సరిగ్గానే రాశారు సార్. చెక్కేటప్పుడు తప్పు చేసింది నేను. ఒప్పుకుంటున్నాను. చేసినవాళ్ళు వచ్చి ఒప్పుకుంటే దిద్దడానికే కదా ఈ ఆఫీసు ఉన్నది?"

ఆ క్షణంలో ఆమె పక్కన నిలబడినందుకు నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఆఫీసరు చీటీ చూశాడు, ముద్ర చూశాడు, మళ్ళీ చీటీ చూశాడు. తర్వాత గుమాస్తాను స్టాంపు తెమ్మన్నాడు.

ఆ వాక్యంలో డులు రెండు. రెండూ తిరగబడి, ఇంకుతో నల్లబడి ఉన్నాయి. ఏది ఉంచాలో ఏది తియ్యాలో నాకైతే అంతుపట్టలేదు. ఆమె ఒక్క గాటు పెట్టి గోరంత రబ్బరు ముక్కను బల్ల మీద రాల్చింది. గుమాస్తా కొత్త ఫారం వెనక స్టాంపు కొట్టి అమ్మ ముందుకు జరిపింది.

అమ్మ మళ్ళీ మొదటినుంచీ వేలు పెట్టి చదివింది. ఒకచోట వేలు ఆగింది.

"ఇక్కడ ఖాళీ ఉందేంట్రా?"

"డు ఉండేదమ్మా. తీసేశాను."

అమ్మ ఆ ఖాళీకేసి కాసేపు చూసింది. తర్వాత కూతురి ముఖంలోకి చూసింది.

"పోతే పోనీరా" అని, కలం మూత తీసింది.