నంబరు లేని పాట

మా ముత్తాత దేవసహాయం గారు బోయిగూడలో హెడ్మాస్టరు. తాత జ్ఞానరత్నం గారు ఇంట్లో తన పియానో మీద సాధన చేయిస్తూ, ముప్పై ఏళ్లు చర్చి కాయిర్‌ను, అంటే గాయక బృందాన్ని, నడిపారు. చర్చిలో పాట నంబరు చెప్పగానే అందరికంటే ముందు కీర్తనల పుస్తకంలో ఆ పేజీ తీయడం మా ఇంటి పిల్లల పరువు.

మొన్న పాత కీర్తనల పుస్తకం తెరిస్తే, ఆ కాగితం వాసనకు నా ఎనిమిదో ఏట చర్చి ఆవరణలో జరిగిన కచేరీ గుర్తొచ్చింది. ఎవరికీ తెలియని ఒకమ్మాయి గిటారు పట్టుకుని, నంబరు చెప్పకుండానే పాట ఎత్తుకుంది. అలవాటుగా తెచ్చుకున్న పుస్తకమంతా తిరగేశాను. దొరకలేదు. రెండో పాటా దొరకలేదు. కుర్చీలో కుదురుగా ఉండలేకపోయాను.

వెనక వరసలోంచి మా పక్కింటి సుగుణ ఆంటీ నవ్వింది. "ఏందిరా, కాయిర్ మాస్టర్ మనవడా! ఇంకా దొరకలే?"

పాట ఆగగానే లేచి అరిచాను. "అక్కా, నంబరెంత?"

"నంబర్ లేదు నాన్నా. నేనే రాసుకున్న. మొన్న సీతాఫల్‌మండి స్టేషన్ల కూసొని."

పాటలు పుస్తకంలోనే పుడతాయని అప్పటిదాకా అనుకున్నాను. ఇక ఆగలేకపోయాను. నేనూ ఒకటి కట్టి పియానో మీద వాయిద్దామని ఇంటికి పరుగెత్తాను. పియానో ఉండే చోటు ఖాళీగా ఉంది.

వీధి వీధంతా కచేరీకి వెళ్లిన సమయం చూసి, అప్పు తీర్చడానికి తాతగారి పియానోను నాన్న అమ్మేశారు.