తోడెవరొచ్చారు?

దయ్యాలు, గాలులు నేను నమ్మను. ఎవరైనా చెప్పబోతే ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారని ఆరాలు తీసి విసిగించే రకాన్ని. నా పరిశోధనా అలాంటిదే. ఆసుపత్రిలో కాన్పులు ఎలా జరుగుతాయో, ఎవరు ఎవరితో ఏం మాట్లాడతారో దగ్గర కూర్చుని చూసి రాసుకోవడం.

అందుకోసం నరసరావుపేటలో గది అద్దెకు తీసుకున్నాను. పగలంతా అందరి కష్టసుఖాలూ వినేదాన్ని. గదికొచ్చాక తిన్నావా అని అడిగే మనిషి లేదు.

ఆ ఆసుపత్రిలో నొప్పులతో వచ్చిన మనిషిని పేరుకంటే ముందు అడిగే మాట, తోడెవరొచ్చారని. సంతకం పెట్టడానికి, మందులు తేవడానికి, బిడ్డను అందుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి.

ఒక మధ్యాహ్నం దాచేపల్లి వైపు నుంచి నాగమణి అనే అమ్మాయి ఒక్కతే వచ్చింది. భర్త సిమెంటు లారీ తోలుకుంటూ ఎక్కడో దూరాన ఉన్నాడు. పాపం, కాసేపు లోపలికొచ్చి ఆ పిల్ల చెయ్యి పట్టుకోమని నర్సు నన్నడిగింది. చూడటమే తప్ప కలగజేసుకోకూడదన్నది నా నియమం. రానన్నాను. నిజం చెప్పాలంటే భయం కూడా వేసింది. తలుపు వేసేశారు.

రెండు గంటలు ఆ తలుపుకెదురుగా బల్ల మీద కూర్చుని, పావుగంటకోసారి టైము వేసి మరీ రాశాను. మంచినీళ్ళకు కూడా లేవలేదు. ఆడపిల్ల పుట్టింది.

మర్నాడు వార్డులో నాగమణి నన్ను చూసి నవ్వింది.

"నువ్వు లేకపోతే చచ్చిపోయేదాన్నక్కా. చెయ్యి చానా గట్టిగా పట్టుకున్నా. నొప్పెట్టిందా ఏంది?"

నర్సును చూసి పొరబడి ఉంటుందనుకున్నాను. నేను లోపలికి రాలేదని చెప్పాను. ఆమె నా ఎడమ చెయ్యి అందుకుని మణికట్టు తిప్పింది. నాలుగు గోళ్ళ గుర్తులు. పొద్దున స్నానం చేస్తుంటే కనబడ్డాయి, ఏదో పురుగు కుట్టిందనుకున్నాను. వాటి మీద తన వేళ్ళు ఆనించింది. సరిగ్గా సరిపోయాయి.

నేను గిచ్చుకున్నవనుకోవడానికి, నా గోళ్ళు నేను మొదలంటా కత్తిరించుకుంటాను. నర్సును అడిగితే, లోపల తనూ డాక్టరమ్మా తప్ప ఎవరూ లేరంది.

ఆ రోజు నోట్సు ఇప్పటికీ నా దగ్గరుంది. "తోడు ఎవరూ లేరు" అని నా చేతిరాతే. దాన్ని కొట్టెయ్యలేను, నిజమనీ అనలేను.

గుర్తులు నాలుగు రోజులున్నాయి. గదిలో ఒక్కదాన్నే అన్నం తింటూ వాటినే చూసుకునేదాన్ని. అవి మానిపోయిన రోజు ఏడ్చాను.